టాన్సిల్స్ ఆపరేషన్: కత్తి, కాటరీ, కోబ్లేషన్... ఒక థియేటర్ నర్సు రివ్యూ

నేను ఈఎన్‌టీ ఆపరేషన్ థియేటర్‌లో స్క్రబ్ నర్సుని, అంటే సర్జన్ చెయ్యి చాచగానే పరికరం అందించే మనిషిని. టాన్సిల్స్ తీసే పద్ధతులు దాదాపు అన్నీ టేబుల్ పక్కన నిలబడి చూశా, తర్వాత వార్డులో ఆ పేషెంట్లు ఎలా మింగుతున్నారో, ఎవరు రాత్రంతా ఏడుస్తున్నారో కూడా చూశా. తెలిసినవాళ్ళింట్లో ఎవరికి టాన్సిల్స్ ఆపరేషన్ అన్నా ఫోన్ నాకే వస్తుంది. అందరూ అడిగేది ఒకటే, లేజరా కోబ్లేషనా, పాత పద్ధతిలో చేస్తానంటున్నారు ఒప్పుకోవాలా వద్దా అని. అందుకే ఫోన్ కొన్నప్పుడు రివ్యూలు చూసుకున్నట్టు దీనికీ ఒకటి ఉంటే బాగుంటుందని రాస్తున్నా, కాస్త పొడుగు ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మెషీన్ పేరు చూసి మాత్రం ఆస్పత్రి ఎంచుకోకండి. నేనైతే వరసగా మూడు చూస్తా: టాన్సిల్ మొత్తం తీస్తున్నారా లేక అడుగున పల్చగా కొంత ఉంచుతున్నారా, తీసేటప్పుడు కండరానికి ఎంత వేడి తగులుతోంది, ఆ పద్ధతిలో ఆ సర్జన్ చెయ్యి ఎంత తిరిగింది. మెషీన్ ఏ కంపెనీది, ఎంత కొత్తది అనేది వీటన్నిటి తర్వాతే.

ఎందుకంటే లోపల ఉన్న సంగతి ఇది. టాన్సిల్ వెనక వైపున నారింజ తొన మీద ఉండేలాంటి పల్చటి పొర ఉంటుంది, దాన్ని క్యాప్సూల్ అంటారు, ఆ పొర వెనకే మనం మింగడానికి వాడే కండరం, ఆ కండరంలోంచే రక్తనాళాలు టాన్సిల్‌లోకి వస్తాయి. పొరతో సహా మొత్తం తీసేస్తే కండరం బయటపడుతుంది. పొట్ట ఆపరేషన్‌లాగా పైన కుట్లేసి మూసేది ఇక్కడ ఉండదు, పుండు తెరిచే ఉంటుంది, ఉమ్ము, తిండి, నోట్లో ఉండే సూక్ష్మక్రిములు అన్నీ దాని మీదుగానే పోతాయి, పైగా మింగిన ప్రతిసారీ ఆ కండరం కదలాల్సిందే. నొప్పి ఎందుకు అంత ఉంటుంది, వారం తర్వాత కూడా రక్తం ఎందుకు వస్తుంది అనేవాటికి కారణం ఇక్కడే ఉంది. ఏ పద్ధతైనా ఈ కండరాన్ని ఎంత కదపకుండా వదిలింది అన్నదే నా లెక్కలో మార్కులు.

ముందు పాతదాని గురించి, అంటే కత్తి, కత్తెర, డిసెక్టర్ (కణజాలాన్ని ఒలిచే పరికరం)తో చేసేది, దీన్నే కోల్డ్ స్టీల్ అంటారు. పాతది అంటే నిజంగానే పాతది, 1వ శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ వేలితో టాన్సిల్‌ని వేరు చేసి తీయడం గురించి రాశాడు, 1828లో ఫిలడెల్ఫియాలో ఫిలిప్ ఫిజిక్ అనే సర్జన్ గిలెటిన్ లాంటి పరికరం తయారుచేశాడు, అందులో టాన్సిల్‌ని రింగులోకి లాగి ఒక్క వేటుకి కోసేయడమే. ఇప్పుడు చేసేది అలా కాదులెండి. పూర్తి మత్తు ఇస్తారు, గొంతులో శ్వాస గొట్టం వేస్తారు, నోరు తెరిచి ఉంచడానికి గ్యాగ్ పెడతారు, టాన్సిల్‌ని పట్టకారుతో మధ్యలోకి లాగి ముందున్న చర్మం లాంటి పొరని కోసి, క్యాప్సూల్ దొరికాక దాని వెంబడే మెల్లగా కండరం నుంచి ఒలుచుకుంటూ కిందిదాకా వస్తారు, చివర్లో కింది కొసని స్నేర్ అనే తీగ ఉచ్చుతో బిగించి కోస్తారు. ఆ తర్వాత గాజుగుడ్డ ఉండలు అదిమిపట్టి కొంచెం సేపు ఆగి, ఇంకా కారుతున్న నాళాలుంటే దారంతో ముడి వేస్తారు.

నాకు ఈ పద్ధతి అంటే గౌరవం, దాచుకోను. టేబుల్ మీద రక్తం మిగతా వాటికంటే ఎక్కువ పోతుంది, టైం కూడా ఎక్కువే, నాలుక వెనకాల అంత లోతులో దారం ముడి వేయడం చూస్తే ఇది అందరి వల్లా అయ్యే పని కాదని అర్థమవుతుంది. కానీ వేడి తగలని కండరం కోలుకునే తీరే వేరు. ఇది నా అభిప్రాయం ఒక్కటే అయితే రాసేదాన్ని కాదు, ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003, 2004లలో చాలా పెద్ద ఆడిట్, అంటే ఆపరేషన్ల ఫలితాల లెక్క, ఒకటి చేశారు, దాదాపు 34 వేల మంది పేషెంట్లు, మొత్తం మీద 3.5 శాతం మందికి ఆపరేషన్ తర్వాత బ్లీడింగ్ అయింది. కోయడానికీ రక్తం ఆపడానికీ రెంటికీ వేడి పద్ధతులే (డయాథర్మీ, అంటే కరెంటు వేడితో కాల్చే కాటరీ గానీ, కింద చెప్పబోయే కోబ్లేషన్ గానీ) వాడిన చోట, అసలు వేడే వాడని కోల్డ్ స్టీల్‌తో పోలిస్తే బ్లీడింగ్ దాదాపు మూడు రెట్లు. కత్తితో కోసి, రక్తం ఆపడానికి మాత్రం బైపోలార్ కాటరీ ముట్టించినవి ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి. కాబట్టి డాక్టరు గారు "మేం మామూలుగానే చేస్తాం" అంటే వెనకబడిన ఆస్పత్రి అనుకుని లేచి వచ్చేయకండి. నా రేటింగ్ 5కి 4, తగ్గించిన ఆ ఒక్కటీ టేబుల్ మీద పోయే రక్తానికి, ఎందుకంటే చాలా చిన్న పిల్లల ఒంట్లో ఉండే రక్తమే తక్కువ, వాళ్ళకి కొంచెం పోయినా లెక్కే.

కాటరీ సంగతికి వస్తే, మోనోపోలార్ అంటే పెన్ను లాంటి పరికరం, కరెంటు దాని కొసలోంచి వెళ్ళి తొడకి అంటించిన ప్లేటు ద్వారా బయటికి వస్తుంది, కోయడం, రక్తం ఆపడం రెండూ ఒకేసారి అయిపోతాయి. చాలా ఫాస్ట్, టేబుల్ మీద రక్తం దాదాపు కనపడదు, సర్జన్‌కి సుఖం, లిస్టులో పదిమంది ఉంటే అందరూ మధ్యాహ్నానికి అయిపోతారు. కానీ కొస దగ్గర వేడి 300, 400 డిగ్రీల దాకా పోతుంది, థియేటర్ అంతా కమురు వాసన వస్తుంది, ఆ వేడి టాన్సిల్ దగ్గరే ఆగిపోదు కదా, కండరంలోకీ పాకుతుంది. వార్డులో దీని ఫలితం తెలుస్తుంది, మొదటి రోజు బాగానే ఉన్నట్టుంటారు, తర్వాత రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఇంకోటి, నోట్లో ఆక్సిజన్ ఎక్కువగా లీక్ అవుతున్నప్పుడు నిప్పురవ్వ పడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే మత్తు డాక్టరు ఆక్సిజన్ శాతం తగ్గించి ఉంచుతారు, మేమందరం ఆ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాం. బైపోలార్ దీనికంటే నయం, కరెంటు పట్టకారు రెండు కొసల మధ్యనే తిరుగుతుంది, చుట్టుపక్కల కాలడం తక్కువ. మోనోపోలార్‌తో మొత్తం తీయడానికి నేను 5కి 2.5 ఇస్తా, పవర్ బాగా తగ్గించి, చుక్క చుక్కగా ముట్టించే సర్జన్ అయితే ఇంకొంచెం ఎక్కువ. ఒకే మెషీన్, ఒకే రోజు, ఇద్దరు సర్జన్లు చేస్తే ఒకరి పేషెంట్ గొంతు గులాబీ రంగులో, ఇంకొకరి పేషెంట్ గొంతు నల్లగా మాడి కనపడడం నేను కళ్ళారా చూశా, అందుకే సర్జన్ చెయ్యి ముఖ్యం అంటున్నా.

ఇక అందరూ అడిగే కోబ్లేషన్. ఇందులో ఒక సన్నటి వాండ్ (పుల్ల లాంటి పరికరం) ఉంటుంది, దాని కొసన సెలైన్ కారుతూ ఉంటుంది, రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు ఆ సెలైన్‌ని పల్చటి ప్లాస్మా పొరగా (రక్తంలో ఉండే ప్లాస్మా కాదు, కరెంటు ఆవేశం ఉన్న ఆవిరి లాంటిది) మారుస్తుంది, ఆ పొర తగిలిన కణజాలం కాలకుండా విడిపోయి కరిగినట్టు అవుతుంది, అదే వాండ్ దాన్ని పీల్చేస్తుంది కూడా. వేడి 40 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంటుంది, కాటరీతో పోలిస్తే ఎంత తేడానో చూడండి. కళ్ళతో చూస్తే చాలా శుభ్రంగా ఉంటుంది, పొగ ఉండదు, వాసన ఉండదు, తెరిచిన గొంతు తెల్లగా నీట్‌గా కనపడుతుంది. దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఇక మిగతావన్నీ అటకెక్కుతాయి అనిపించింది.

మరి ఫలితాలు? 2017లో వైద్య అధ్యయనాలని కలిపి సమీక్షించే కొక్రేన్ అనే సంస్థ వాళ్ళు 29 అధ్యయనాలు, రెండున్నర వేలకు పైగా పేషెంట్ల వివరాలు కలిపి చూశారు. మొదటి రోజు నొప్పి కోబ్లేషన్‌లో కొంచెం తక్కువ, కానీ ఆ తేడా పేషెంట్‌కి గట్టిగా తెలిసేంత లేదు, మూడో రోజుకీ వారానికీ వచ్చేసరికి తేడా ఇంకా పల్చబడిపోయింది, ఆలస్యంగా వచ్చే బ్లీడింగ్ మాత్రం మిగతా పద్ధతుల కంటే కొంచెం ఎక్కువ ఉండొచ్చు అన్నారు, ఆ అధ్యయనాల నాణ్యత కూడా అంతంతమాత్రమే అని వాళ్ళే చెప్పారు. అంటే "నొప్పి ఉండదు, రక్తం రాదు" అని ఎవరైనా ప్రచారం చేస్తుంటే అది నమ్మొద్దు. మంచి పరికరమే, నేను కాదనను, కానీ మొత్తం టాన్సిల్ తీయడానికి వాడినప్పుడు దాని గొప్పతనం సగమే బయటపడుతుంది, ఎందుకంటే కండరం ఎలాగూ బయటపడుతోంది కదా. దీనికి 3.5. ఒక హెచ్చరిక కూడా, వాండ్‌ని ఒకసారి వాడి పారేసేలా తయారుచేస్తారు, ఖర్చు మిగల్చడానికి మళ్ళీ శుభ్రం చేసి వాడితే కొస అరిగిపోయి సరిగ్గా పని చేయదు, ఇన్ఫెక్షన్ భయం సరే సరి, కాబట్టి కొత్త వాండ్ వాడతారా అని మొహమాటం లేకుండా అడగండి, అది మీ హక్కు.

హార్మోనిక్ స్కాల్పెల్ అని ఇంకోటి ఉంది, బ్లేడు సెకనుకి 55 వేల సార్లకు పైగా అదురుతుంది, ఆ అదురుడుకే కోస్తుంది, రక్తమూ గడ్డ కడుతుంది, పేషెంట్ ఒంట్లోంచి కరెంటు పోదు. బాగుంటుంది, అయితే కోల్డ్ స్టీల్ బాగా చేసే సర్జన్ ఉన్న చోట దీని కోసం వెతుక్కుంటూ వెళ్ళేంత తేడా నాకు కనపడలేదు. లేజర్ గురించి ఒక్క మాటలో చెప్పేస్తా, జనానికి ఆ పేరంటే మోజు ఉంది గానీ అదీ వేడితో కోసేదే, అందరం కళ్ళద్దాలు పెట్టుకోవాలి, శ్వాస గొట్టం అంటుకోకుండా ప్రత్యేకమైనది వాడాలి, అంత హంగామా చేసి మొత్తం టాన్సిల్ తీసినా పేషెంట్‌కి ప్రత్యేకంగా ఒరిగేది నేను చూడలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ రంగంలో నిజంగా పెద్ద మార్పు ఏదన్నా వచ్చింది అంటే అది ఇంట్రాక్యాప్సులర్ పద్ధతి, అంటే టాన్సిల్‌లో చాలా భాగం తీసేసి, క్యాప్సూల్‌ని దాని మీద పల్చటి పొరనీ అలాగే వదిలేయడం. 2002లో కోల్టాయ్ అనే సర్జన్, ఆయన తోటివాళ్ళు మైక్రోడిబ్రైడర్‌తో, అంటే తిరుగుతూ గీకి పీల్చేసే బ్లేడుతో పిల్లల్లో ఇలా చేయడం గురించి రాశారు. ఇప్పుడు చాలామంది కోబ్లేషన్ వాండ్‌తో ఇదే పని చేస్తున్నారు, వాండ్ గొప్పతనం మిగతా సగం ఇక్కడ కనపడుతుంది. మిగిల్చిన ఆ పల్చటి పొర కండరానికి సహజమైన డ్రెస్సింగ్ లాగా ఉండిపోతుంది, రక్తనాళాల పెద్ద భాగం బయటపడదు, మింగే కండరం పుండు పడదు. వార్డులో ఈ పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది, అదే రోజు సాయంత్రం నీళ్ళు తాగుతారు, తొందరగా తింటారు, నొప్పి మందు తక్కువ రోజులు పడుతుంది, ఆలస్యంగా వచ్చే బ్లీడింగ్ కూడా తక్కువ. స్వీడన్‌లో గురక, నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉన్న పిల్లలకి మొత్తం తీయడం కంటే ఇలా కొంత ఉంచి తీయడమే ఎక్కువ చేస్తున్నారు.

లోటు లేదా అంటే ఉంది. మిగిల్చినది మళ్ళీ పెరగొచ్చు, నూటికి కొద్దిమందికే అవుతుంది, అందులోనూ బాగా చిన్న వయసులో చేయించుకున్నవాళ్ళకి ఎక్కువ, అందులో కొందరికి రెండోసారి ఆపరేషన్ పడుతుంది. ఇది ముందే తెలిసి ఒప్పుకోవాలి, తర్వాత "డాక్టరు సరిగ్గా తీయలేదు" అనుకోకూడదు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ళకి ఇది మొత్తం తీసినంత బాగా పనిచేస్తుందా అనే దాని మీద డాక్టర్లలో ఇంకా చర్చ నడుస్తోంది. ఒక పక్క టాన్సిలే పెద్దదై క్యాన్సర్ అనుమానం ఉంటే మాత్రం ఈ ప్రశ్నే రాదు, మొత్తం తీసి ల్యాబ్‌కి పంపాల్సిందే. నిద్రలో ఊపిరి ఆడక ఇబ్బంది పడే పిల్లల విషయంలో దీనికి 4.5 ఇస్తా, నా పిల్లలకే అవసరమైతే ఇదే అడుగుతా.

అసలు ఆపరేషనే అవసరమా అనేది రివ్యూలో రాయాల్సిన విషయం కాదు గానీ, వదిలేస్తే తప్పవుతుంది. గొంతు ఇన్ఫెక్షన్ల కోసం అయితే డాక్టర్లు చూసే లెక్క ఒకటి ఉంది, గడిచిన ఏడాదిలో 7 సార్లు, లేదా రెండేళ్ళ పాటు ఏడాదికి 5, లేదా మూడేళ్ళ పాటు ఏడాదికి 3, అదీ జ్వరం, చీము, మెడ గడ్డలు లాంటివి డాక్టరు చూసి రాసినవి అయి ఉండాలి. అంతకంటే తక్కువైతే కొన్నాళ్ళు ఆగి చూడడమే మేలు, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. శ్వాస సమస్య వేరే సంగతి, 2013లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందిని తీసుకుని కొందరికి వెంటనే ఆపరేషన్ చేసి, కొందరిని ఆగి చూశారు, ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతానికి, ఆగినవాళ్ళలో 46 శాతానికి. ఆగినవాళ్ళలో కూడా దాదాపు సగం మంది బాగయ్యారన్నది గమనించండి. గొంతు నొప్పి మాటిమాటికీ వచ్చే పెద్దవాళ్ళ మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది, 453 మంది, రెండేళ్ళలో గొంతు నొప్పి రోజులు ఆపరేషన్ అయినవాళ్ళకి 23, కానివాళ్ళకి 30, కానీ ఆపరేషన్ అయినవాళ్ళలో 19 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో బ్లీడింగ్ అయింది. పెద్దవాళ్ళకి నొప్పీ ఎక్కువే, బ్లీడింగూ ఎక్కువే, అది తెలుసుకునే టేబుల్ ఎక్కండి.

సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు మెషీన్ పేరు పక్కన పెట్టి, మొత్తం తీస్తారా కొంత ఉంచుతారా, మా కేసుకి అది ఎందుకు, మీరు ఎక్కువగా చేసేది ఏ పద్ధతి, మీ పేషెంట్లలో ఎంతమందికి బ్లీడింగ్ అవుతుంది అని అడగండి. చివరిది అడగడానికి భయపడతారు, భయపడొద్దు, అమెరికా ఈఎన్‌టీ సర్జన్ల సంఘం 2019 గైడ్‌లైన్‌లోనే ఉంది, ప్రతి సర్జన్ తన బ్లీడింగ్ శాతాన్ని కనీసం ఏడాదికోసారి లెక్క చూసుకోవాలని. ఆ నంబరు టక్కున చెప్పగలిగిన సర్జన్ ఏ పరికరం పట్టుకున్నా నాకు ధైర్యంగా ఉంటుంది. మాకసలు బ్లీడింగే కాదు అనేవాళ్ళ దగ్గర మాత్రం ఇంకో అభిప్రాయం తీసుకోండి. మత్తులో ఉండగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక డోసు ఇస్తారా అని కూడా అడగొచ్చు, వాంతులు, నొప్పి తగ్గడానికి అది బాగా పనికొస్తుంది, ఖరీదైన వాండ్ కంటే ఎక్కువ లాభం ఈ చిన్న ఇంజెక్షన్‌తో వస్తుందని నాకనిపిస్తుంది.

ఇంటికెళ్ళాక ఏ పద్ధతిలో చేసినా జాగ్రత్తలు ఒకటే. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ డాక్టరు రాసిన టైం ప్రకారం వేయండి, నొప్పి ముదిరాక వేస్తే పిల్లలు మింగరు, మింగకపోతే గొంతు ఎండుతుంది, ఎండితే నొప్పి ఇంకా ఎక్కువ. ఈ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఉన్న మందు 18 ఏళ్ళలోపు వాళ్ళకి ఇవ్వకూడదు, కొందరి ఒంట్లో అది చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆగిన సందర్భాలు ఉన్నాయి. చెవి నొప్పి అంటే కంగారు పడకండి, గొంతుకీ చెవికీ ఒకే నరం కాబట్టి అలా అనిపిస్తుంది. గొంతులో తెల్లటి పక్కు కడుతుంది, వాసన కూడా వస్తుంది, అది చీము కాదు, గీకొద్దు.

ఆ పక్కు ఊడేది దాదాపు 5 నుంచి 10 రోజుల మధ్య, ఆలస్యంగా బ్లీడింగ్ అయితే ఎక్కువగా అయ్యేదీ అప్పుడే, సరిగ్గా అందరూ ఇక బాగైపోయింది అనుకుని స్కూలుకి పంపే టైంలో. ఎర్రటి రక్తం కనపడితే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. పిల్లలు రక్తాన్ని ఉమ్మకుండా మింగేస్తారు, అందుకే నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నా, నల్లటి వాంతి అయినా లేపి నోట్లో టార్చ్ వేసి చూడండి. రెండు వారాలు గడిచేదాకా ఆస్పత్రికి దూరంగా ప్రయాణాలు పెట్టుకోవద్దు, టికెట్లు ముందే కొని ఉన్నా సరే వాయిదా వేసుకోండి.